పాత జీపుకి ఏ టైరు, ఏ రిమ్ము?

పాత జీపు కొన్నవాళ్ళు ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే ఫోన్‌లో లావు టైర్ల ఫొటోలు వెతుకుతారు. నేనూ అంతే. రాజమండ్రి దగ్గర ఒక రైతు వద్ద 1992 మోడల్ మహీంద్రా ఎంఎం540 జీపు కొన్నాను. ఇంజన్ కింద నూనె కారుతోంది, హుడ్డు చిరిగింది, వైపర్లలో ఒకటే తిరుగుతోంది. అవన్నీ తర్వాత చూద్దాంలే అని ముందు 31 అంగుళాల టైర్లు, 8 అంగుళాల వెడల్పు రిమ్ములు వేయించాను. ఫొటోలో బండి అదిరిపోయింది. మారేడుమిల్లి ఘాట్‌లో మాత్రం కథ వేరు. మూడో గేరులో ఎక్కాల్సిన చోట రెండోది, రెండులో ఎక్కాల్సిన చోట మొదటిది. దిగేటప్పుడు స్టీరింగ్ తిప్పీ తిప్పీ భుజాలు పట్టేశాయి. ఏడాది తిరక్కుండానే ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ బేరింగులు పోయాయి.

ఇప్పుడు అదే బండి మీద మూడో సెట్టు నడుస్తోంది. మొదటి రెండు సెట్లకి పెట్టిన డబ్బుతో ఇంజన్ పని పూర్తయ్యేది. సీజే3బీ, ఎంఎం540, సీజే500, క్లాసిక్, మేజర్ లాంటి అమెరికా విల్లీస్ వంశపు జీపులు ఉన్నవాళ్ళకి ఇక్కడ రాసేది పనికొస్తుంది. పవర్ స్టీరింగ్ ఉన్న కొత్త థార్‌కి ఈ లెక్కలన్నీ వర్తించవు.

ముందు ఎత్తు చూడండి, వెడల్పు తర్వాత

జీపు పుట్టినప్పుడు దాని టైరు 6.00-16. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీకి అదే, మన సీజే3బీకీ అదే. ఆరు అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము, నేల నుంచి నెత్తి దాకా దాదాపు ఇరవై ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. ఇప్పటి కళ్ళకి అది సైకిల్ చక్రంలా కనిపిస్తుంది. పైసలు లేక సన్న టైరు వేశారని అనుకునేవాళ్ళూ ఉన్నారు. కాదు. గేర్లు, ఆక్సిల్, స్టీరింగ్ బాక్స్, బ్రేక్ డ్రమ్ములు అన్నీ ఆ ఎత్తుకి, ఆ బరువుకి లెక్క కట్టి పెట్టినవే.

సీజే3బీ ఆక్సిల్ నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. దానికి 31 అంగుళాల టైరు వేస్తే, లాగే శక్తి పరంగా ఆ నిష్పత్తి 5కి దిగిపోయినట్టే. పెట్రోల్ ఇంజన్ అయినా, నా బండిలోని 62 హార్స్‌పవర్ పెజో డీజిల్ అయినా, పోగొట్టుకునేంత శక్తి వాటిలో ఎక్కడుంది? బ్రేకులదీ అదే సంగతి. చక్రం పెద్దదయ్యే కొద్దీ అవే డ్రమ్ములు దాన్ని ఆపడానికి ఎక్కువ కష్టపడాలి. ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా పాదానికి తెలుస్తుంది.

కాబట్టి పోలికంతా ఎత్తుతో మొదలవ్వాలి. షాపులో దొరికే సైజుల అసలు ఎత్తులు ఇవి: 215/75ఆర్15 అంటే 27.7 అంగుళాలు. 235/75ఆర్15 అంటే 28.9. 235/70ఆర్16 కూడా దాదాపు అంతే. 7.00-16 దాదాపు ముప్ఫైన్నర. 7.50-16, 235/85ఆర్16 రెండూ ముప్ఫై రెండుకి కాస్త తక్కువ. 31×10.5ఆర్15 పేరులోనే ఉంది, 31.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. 235/75ఆర్15లో 235 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 15 రిమ్ము అంగుళాల్లో. 235ని 75 శాతంతో గుణిస్తే టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్ ఎత్తు మిల్లీమీటర్లలో వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి, 15 అంగుళాలకి 381 మిల్లీమీటర్లు కలపండి, అంతే. స్పీడోమీటర్ ఎంత అబద్ధం చెబుతుందో కూడా ఇందులోంచే తెలుస్తుంది. 215/75ఆర్15 ఉన్న బండికి 31 వేస్తే, ముల్లు 60 చూపిస్తున్నప్పుడు బండి 67లో పోతుంటుంది.

6.00-16: బండి అసలు టైరు

బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలనుకునేవాళ్ళకి దీన్ని మించింది లేదు. స్టీరింగ్ వేలితో తిరుగుతుంది. సన్నగా ఉంటుంది కనుక పై బురదని కోసుకుంటూ కింద గట్టి నేల దాకా దిగుతుంది. ఇది క్రాస్‌ప్లై, అంటే లోపలి దారపు పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి వేసిన పాత రకం. దాని సైడ్‌వాల్ మొండిది, తుమ్మముళ్ళకీ రాళ్ళకీ అంత తేలిగ్గా లొంగదు. పంక్చర్ పడితే ఏ ఊళ్ళోనైనా ట్యూబుకి ప్యాచ్ వేస్తారు.

చిక్కు తారు రోడ్డు మీద. 60 దాటాక క్రాస్‌ప్లై టైరు రోడ్డు మీది ప్రతి గాడినీ పట్టుకుని పక్కకి లాగుతుంది. వానలో బ్రేకు కొడితే గుండె ఒక్క క్షణం ఆగుతుంది. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున్నే మొదటి రెండు కిలోమీటర్లు గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు కుదుపుతుంది. నిలబడ్డ చోట టైరు చదునవ్వడం వల్ల అలా అవుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది.

ఈ సైజులో ఇంకో ఉచ్చు ఉంది. ట్రాక్టర్ల ముందు టైరు కూడా 6.00-16 సైజులోనే వస్తుంది. మన టౌన్లలో ఏ ట్రాక్టర్ టైర్ల షాపుకి వెళ్ళి "6.00-16 ఉందా" అని అడిగినా "ఉంది సార్" అని మూడు గీతల టైరు తెచ్చి పెడతారు. రిమ్ముకి చక్కగా ఎక్కుతుంది కూడా. కానీ దాని మీద ఏ6 లేదా ఏ8 అని రాసి ఉంటుంది, చూడండి. ఏ6 అంటే గంటకి 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40. దున్నే బండికి చేసిన టైరు అది. దానితో హైవే ఎక్కకండి. జీపుకి కావాల్సింది బటన్, అంటే నేలని పట్టే మిట్టలు, నిండుగా ఉన్న జీపు రకం టైరు. దొరకడానికి వారం పట్టినా ఆగండి.

మిలిటరీ వేలంలో వచ్చిన బండ్లకి అప్పుడప్పుడు రెండు ముక్కలు కలిపి బోల్టులతో బిగించిన రిమ్ములు ఉంటాయి. వాటిని కాంబాట్ రిమ్ములు అంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ గాలి ఉండగా ఆ బయటి వరుస నట్లు విప్పితే రిమ్ము ముక్క గుండులా ఎగురుతుంది, మనుషులు పోయిన సందర్భాలు ఉన్నాయి. చక్రం ఊడదీసే ఐదు నట్లు వేరు, రిమ్ముని కలిపి ఉంచే నట్లు వేరు. కొత్త కుర్రాడి చేతికి స్పానర్ ఇచ్చే ముందు ఈ సంగతి చెప్పండి. ముందు వాల్వు పిన్ను పీకి గాలంతా పోయాక మాత్రమే అటు చెయ్యి పెట్టాలి.

215/75ఆర్15: ఊళ్ళో తిరిగే బండికి

బొలేరో సైజు ఇది. ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, ధర అందుబాటులో ఉంటుంది, లోపలి పొరలు తిన్నగా అడ్డంగా వేసిన ఇప్పటి రేడియల్ రకం కనుక రోడ్డు మీద బుద్ధిగా ఉంటుంది. 6.00-16తో పోలిస్తే బండి ఒక సెంటీమీటరు కిందకి దిగుతుంది, అంతే. ఇల్లు, పొలం, సంత, ఆదివారం ఓ యాభై కిలోమీటర్లు తిరిగే బండికి ఇది చాలు. కాకపోతే జీపు కాస్త ముడుచుకుని కూర్చున్నట్టు కనిపిస్తుంది. చక్రం పైన మడ్‌గార్డులో ఖాళీ ఎక్కువగా తెలుస్తుంది. అది మనసుకి పడితే పడుతుంది, లేకపోతే లేదు.

235/75ఆర్15: నా ఓటు దీనికే

అసలు టైరుతో సమానమైన ఎత్తు, రేడియల్ సుఖం, అన్ని దారులకీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకంలో నాలుగైదు కంపెనీల నుంచి దొరికే సౌకర్యం. గేర్లు ఫ్యాక్టరీ లెక్క ప్రకారమే పనిచేస్తాయి, స్పీడోమీటర్ దాదాపు నిజమే చెబుతుంది. స్ప్రింగులు ఎత్తు చేయించక్కర్లేదు, ఫెండర్ కోయించక్కర్లేదు. 6 లేదా 7 అంగుళాల వెడల్పు రిమ్ము మీద హాయిగా కూర్చుంటుంది. 215తో పోలిస్తే స్టీరింగ్ కొంచెం బరువే. నిలబడ్డ చోట తిప్పకుండా బండి కదులుతుండగా తిప్పడం అలవాటు చేసుకుంటే ఇబ్బంది ఉండదు.

కొనేటప్పుడు లోడ్ ఇండెక్స్ ఎక్కువ ఉంటే మంచిదని పది ప్లై, అంటే పది పొరల బలమున్న బరువు టైరు అంటగడతారు. 105 అని రాసి ఉంటే ఆ ఒక్క టైరు 925 కిలోలు మోస్తుందని అర్థం. మన బండికి నాలుగు చక్రాలు. ఇంకా గట్టి టైరు వేస్తే, అసలే కట్టెబల్లలా ఉండే జీపు ప్రయాణం రోట్లో తలపెట్టినట్టు ఉంటుంది.

దీనికి చవక ప్రత్యామ్నాయం ఒకటి ఉంది. పాత థార్ సీఆర్‌డీఈకి కంపెనీ ఇచ్చిన సైజు 235/70ఆర్16. ఎత్తు దాదాపు అదే. థార్ కొన్నవాళ్ళు చాలామంది లావు టైర్లు వేసుకుని, కొత్తలో వచ్చినవి రిమ్ములతో సహా అమ్మేస్తుంటారు. నట్లు అమరే వృత్తం కొలత ఒకటే కనుక మన హబ్బు మీద కూర్చుంటాయి. మధ్య రంధ్రంలో హబ్బు పడుతోందా, లోపలి వైపు స్ప్రింగుకి గానీ స్టీరింగ్ రాడ్డుకి గానీ తగులుతోందా అని ఒక చక్రం బిగించి, రెండు వైపులా చివరిదాకా తిప్పి చూశాకే డబ్బులివ్వండి.

7.00-16, 7.50-16: ఏజెన్సీ వాళ్ళ తెలివి

పాడేరు, అరకు వైపు సామాను మోసే జీపులని గమనించండి. ఎక్కువగా కనిపించేవి ఎత్తుగా, సన్నగా, మందపాటి గుబ్బలతో ఉన్న టైర్లు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి జనాన్ని తీసుకెళ్ళే జీపులు ఎక్కే రాళ్ళ దారి చూస్తే అర్థమవుతుంది. అక్కడ వెడల్పు వల్ల లాభం లేదు. ఎత్తు, గట్టి సైడ్‌వాల్, మూడో నాడే పంక్చర్ పడని మొండితనం కావాలి.

7.00-16కి అయిదున్నర అంగుళాల రిమ్ము, 7.50-16కి ఆరు అంగుళాలది ఉండాలి. 6.00-16 పాత రిమ్ము నాలుగున్నర అంగుళాలది, దాని మీద 7.50 ఎక్కించడం బలవంతపు పెళ్ళే. ఇవి లైట్ ట్రక్కు టైర్లు. ఖాళీ బండికి బండరాళ్ళలా ఉంటాయి, వెనక నాలుగు బస్తాలు వేస్తే కుదురుకుంటాయి. మీ బండి నిజంగా బరువు మోస్తుంటే 7.00-16 మంచి ఎంపిక. సరదా బండికి అక్కర్లేదు.

31×10.5ఆర్15: ఎవరికి?

నాలాంటి వాళ్ళకి కాదు. ఇంజన్ మార్చినవాళ్ళకి, పవర్ స్టీరింగ్, ముందు డిస్క్ బ్రేకులు వేయించినవాళ్ళకి, పోటీలకి వెళ్ళేవాళ్ళకి సరే. ఇసుకలో దీని బలం దీనికుంది, కాదనను. బాపట్ల సూర్యలంక ఇసుకలో నా మొదటి సెట్టు తేలిపోయినట్టు పోయింది. కానీ ఏడాదిలో నేను ఇసుకలో నడిపింది రెండు పూటలు. మిగతా మూడొందల అరవై రోజులూ ఆ బరువుని మోసింది ఆ పాత ఆక్సిలూ, నా భుజాలూ.

బటన్ ఎలా ఉండాలి

ఇక్కడ మన నేల మాట వినాలి. నల్లరేగడి వానకి తడిస్తే ఆల్ టెరైన్ టైరు పది గజాల్లో గారెపిండి పట్టిన చెయ్యిలా అయిపోతుంది. సందులన్నీ మూసుకుపోయి నున్నటి టైరే. బురద కోసం చేసిన మడ్ టెరైన్‌కి సందులు వెడల్పు కనుక, వేగం అందుకుంటే మట్టి విసిరేస్తుంది. కానీ ఆ టైరు తారు రోడ్డు మీద తేనెతుట్టెలా మోత పెడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తక్కువ, త్వరగా అరుగుతుంది. తొంభై శాతం తారు రోడ్డు నడిచే బండికి మడ్ టైరు వేయడం, పెళ్ళికి గంబూట్లు వేసుకెళ్ళడం లాంటిదే. మీది కర్నూలు వైపు రేగడి పొలమైతే, వానాకాలం నాలుగు నెలలూ బండి పొలంలోకి దిగాల్సిందే అయితే, మడ్ టెరైనే తీసుకోండి, అదీ సన్న సైజులో. ఎర్రనేల, గులకరాళ్ళు, మన్యం ఘాట్లు, నల్లమల దారులు, వీటన్నిటికీ ఆల్ టెరైన్ చాలు.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోడ్డు మీద 28 నుంచి 30 పీఎస్ఐ. ఇసుకలో ట్యూబ్‌లెస్ అయితే 15 దాకా దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని బండి తేలుతుంది. ట్యూబు టైరుకి ఆ సాహసం వద్దు. గాలి తక్కువైతే టైరు రిమ్ము మీద జారి తిరుగుతుంది, దానితో పాటు ట్యూబు తిరిగి వాల్వు మెడ తెగిపోతుంది. 20కి తగ్గించకపోవడం మంచిది. మళ్ళీ తారెక్కే ముందు గాలి పెట్టుకోవడానికి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ ఒకటి సీటు కింద ఉండాలి.

రిమ్ము

ఇనుపది కొనండి. దెబ్బ తగిలితే వంగుతుంది, పల్లెటూరి కమ్మరి కూడా సుత్తితో సరిచేయగలడు. అల్లాయ్ పగులుతుంది, పగిలితే ఇక అంతే. రోడ్డు బండికి అల్లాయ్ అందం, ఆ పైన మీ ఇష్టం.

జీపు నట్ల వృత్తం 5×139.7, అంటే అయిదున్నర అంగుళాలు. అయిదు నట్ల చక్రంలో ఎదురెదురు నట్లు ఉండవు కాబట్టి టేపు అడ్డంగా పెడితే కొలత రాదు. పక్కపక్కనున్న రెండు స్టడ్ల, అంటే నట్లు ఎక్కే బోల్టుల మధ్య, నడిమి నుంచి నడిమికి కొలవండి. 82 మిల్లీమీటర్లు వస్తే అది మన వృత్తమే. సెకండ్ హ్యాండ్ రిమ్ములు కొనడానికి వెళ్ళినప్పుడు నేను జేబులో పెట్టుకునేది ఒక్క చిన్న స్కేలు.

రిమ్ము బయటికి ఎంత పొడుచుకొస్తుందనేది రెండో విషయం. చక్రం బయటికి జరిగే కొద్దీ కింగ్‌పిన్ మీద, హబ్బు బేరింగుల మీద భారం పెరుగుతుంది. నా బేరింగులు పోవడానికి టైరు బరువు ఎంత కారణమో, ఆ 8 అంగుళాల రిమ్ము అంత కారణం. చక్రాన్ని బయటికి జరిపే బిళ్ళలు, అదే స్పేసర్లు, పెట్టినా ఇదే గొడవ. పాత రిమ్ముని మధ్యలో కోసి, పట్టీ వెల్డింగ్ చేసి వెడల్పు చేసిస్తామని కొన్ని వర్క్‌షాపులు అంటాయి. గుండ్రం పోతుంది, వెల్డింగ్ ఎక్కడ వదులుతుందో తెలియదు. నేను చేయించను.

పాత 16 అంగుళాల రిమ్ములు చాలావాటిలో మధ్య డిస్కుని రివిట్లతో బిగించారు. వాటికి ట్యూబ్‌లెస్ వేస్తే రివిట్ల సందుల్లోంచి గాలి పోతుంది, పైగా టైరు అంచుని పట్టి ఉంచే చిన్న గట్టు కూడా వాటిలో ఉండదు. అలాంటి రిమ్ముకి ట్యూబే వేయండి, రేడియల్ టైరైతే రేడియల్ ట్యూబు. లోపల తుప్పు గీరించి, పెయింట్ ఆరాక అప్పుడు ఎక్కించాలి.

నాలుగు కాదు, అయిదు

ఈ జీపుల్లో ముందు, వెనక ఆక్సిళ్ళ మధ్య తిరుగుడు తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేశామంటే ముందువీ వెనకవీ ఒకే లెక్కన తిరగాలి. ముందు సగం అరిగినవి, వెనక కొత్తవి పెట్టి ఫోర్ వీల్‌లో గట్టి నేల మీద నడిపితే ఇంజన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మెలిపడినట్టు బిగుసుకుంటుంది, లివర్ వెనక్కి రాదు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. రేడియల్, క్రాస్‌ప్లై ఒకే ఆక్సిల్ మీద కలపనే కూడదు. బడ్జెట్ నాలుగు టైర్లకే సరిపోతే ఒక రకం కిందకి దిగండి, సంఖ్య మాత్రం తగ్గించకండి.

టైరు మీద డాట్ అనే అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. జీపు టైర్లు నెమ్మదిగా అమ్ముడవుతాయి కాబట్టి షాపు అటక మీద నాలుగేళ్ళ నుంచి కూర్చున్నవి "కొత్తవే సార్" అని వస్తాయి. ఒకసారి నేనూ మోసపోయాను. ఎక్కించిన ఆరు నెలలకే సైడ్‌వాల్ మీద చెరువు ఎండినట్టు పగుళ్ళు. బటన్ నిండా ఉంది, టైరు మాత్రం చచ్చిపోయింది.

చట్టం గురించి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి స్వరూపం మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన చక్రం చెక్‌పోస్టులో ముందుగా కంటపడుతుంది. అసలు ఎత్తుకి దగ్గరగా ఉన్న సైజుతో ఈ టెన్షన్ కూడా తక్కువ.

ఎడమ వైపు నట్టు

టైర్లు కొన్నారు, రిమ్ములు కొన్నారు, బిగించడానికి షాపుకి వెళ్ళారు. అక్కడ మీరు టీకి వెళ్ళకండి. విల్లీస్ వంశపు పాత జీపులు చాలావాటికి ఎడమ వైపు చక్రాల స్టడ్లకి ఎడమ మర ఉంటుంది. అంటే అందరూ బిగించే వైపు తిప్పితే అవి వదులవుతాయి, విప్పే వైపు తిప్పితే బిగుస్తాయి. కొన్నిటి మీద ఎల్ అని చిన్న గుర్తు ఉంటుంది, పెయింట్ కింద కనబడదు. మధ్యలో ఎవరో స్టడ్లు మార్చి ఉంటే ఒకే చక్రానికి రెండు రకాలూ ఉండొచ్చు.

నా బండికి మూడో సెట్టు వేయిస్తున్న రోజు, నేను పక్క షాపులో టీ తాగుతున్నాను. కుర్రాడు ఎడమ ముందు చక్రం నట్టు ఊడక, వీల్ స్పానర్‌కి పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. టప్ మని చప్పుడు. "అన్నా, మీ బోల్టు తుప్పు పట్టింది, విరిగింది" అన్నాడు. తుప్పూ లేదు, ఏమీ లేదు. వాడు అరగంట నుంచి దాన్ని బిగిస్తున్నాడు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి ఎడమ వైపు రెండు మడ్‌గార్డుల లోపలి అంచున తెల్ల పెయింట్‌తో "ఎడమ మర" అని రాసి, బాణం గుర్తు వేశాను. వంద కిలోమీటర్లు నడిచాక నట్లన్నీ మళ్ళీ ఒకసారి బిగించడానికి వెళ్తే, అదే కుర్రాడు ఆ బాణం చూసి నవ్వి, ఈసారి స్పానర్ నా చేతికిచ్చాడు.